చేయించిన అలవాటు, చేసుకొన్న అలవాటు: వసతిగృహ విద్యార్థి దినచర్య - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గురుకులాల్లో, రెసిడెన్షియల్ కళాశాలల్లో గంట మోతకు లేచి గంట మోతకు పడుకొన్న విద్యార్థులు విశ్వవిద్యాలయ వసతిగృహాలకో, అద్దెగదులకో చేరిన కొద్ది వారాల్లోనే వారి దినచర్య చెదిరిపోవడం అధ్యాపకులకు తెలిసిన విషయమే. దీనిని సోమరితనంగా, క్రమశిక్షణ లోపంగా చూడటం పరిపాటి. ఇతరులు చేయించిన పని ఏళ్ల తరబడి సాగినా అది విద్యార్థి సొంత అలవాటుగా మారిందని చెప్పలేమని, ఈ భేదం తెలుగు క్రియాపదాల్లోనే స్పష్టంగా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆయుర్వేద, యోగశాస్త్రాల్లోని అభ్యాసభావనను, ఆధునిక మనోవిజ్ఞాన పరిశోధనల ఫలితాలను ఈ దృష్టితో పరిశీలించి, స్వతంత్రంగా జీవించే విద్యార్థికి నిద్ర, చదువు, వంట, ఖర్చు అనే విషయాల్లో ఆచరణీయమైన పద్ధతులను వివరిస్తున్నది.

కీలకపదాలు: అలవాటు, దినచర్య, వసతిగృహం, అభ్యాసం, ఆత్మార్థకం, అంపశయ్య, స్వతంత్ర జీవనం.

1. ఉపోద్ఘాతం

ఇంటర్మీడియట్, డిగ్రీ కలిపి ఐదేళ్లు వసతి కళాశాలల్లో చదివి, ఆ ఐదేళ్లూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచినవాడిని నేను. వేకువనే లేవడం నా స్వభావమని నమ్మేవాడిని. ఇంటికి వచ్చిన బంధువులు కూడా ఆ మాటే అనేవారు. ఎం.ఏ.లో చేరి విశ్వవిద్యాలయ వసతిగృహంలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే తొమ్మిదింటికి లేవడం మొదలైంది. ప్రయాణపు అలసట అనుకొన్నాను. తరువాత వాతావరణం పడలేదనుకొన్నాను. రెండు నెలలు గడిచాక గాని అసలు సంగతి బోధపడలేదు. ఐదేళ్లుగా నేను లేవలేదు, నన్ను లేపారు.

అధ్యాపకుడినైన తరువాత ఇదే స్థితిని తరగతి గదిలో ఈ వైపు నుండి చూస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఒక విద్యార్థి ఉండేవాడు. గురుకులంలో చదివి వచ్చినవాడు, ఛందస్సులో దిట్ట. ఏ పద్యం చదివినా గణవిభజన చేయడానికి అతనికి కాగితం అవసరం ఉండేది కాదు. వసతిగృహంలో సీటు రాక, మరో ముగ్గురితో కలిసి అద్దెగదిలో ఉండేవాడు. మొదటి నెల క్రమం తప్పకుండా వచ్చాడు. రెండో నెలలో ఉదయపు తరగతులు తప్పసాగాడు. మూడో నెలకు మధ్యాహ్నం కూడా కనిపించలేదు. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్షకు అనుమతి కష్టమవుతుంది, బోధనరుసుము తిరిగి చెల్లింపు, ఉపకారవేతనం కూడా ఆగిపోతాయి. అతని విషయంలో అదే జరిగింది. విషయం తెలిసి వచ్చిన తండ్రి మా విభాగం వరండాలో నిలబడి, 'పట్నం వచ్చి చెడిపోయాడు సార్' అన్నాడు. ఆ మాట నిజం కాదు. అతనికి చెడు సావాసం లేదు, దురలవాటు లేదు. ఉన్న చిక్కల్లా అతనికి ఏ అలవాటూ లేకపోవడమే. అయితే తండ్రికి ఆ మాట వివరించి చెప్పడం ఆనాడు నాకు చేతకాలేదు. ఈ వ్యాసరచనకు ఆ సంఘటన ఒక ప్రేరణ.

2. 'అలవాటు' - పదవిచారం

తెలుగులో 'పడు' చివరగల క్రియల నుండి 'పాటు' చివరగల నామాలు ఏర్పడతాయి. ఏర్పడు - ఏర్పాటు, పొరపడు - పొరపాటు, తడబడు - తడబాటు, కట్టుబడు - కట్టుబాటు. అలవడు - అలవాటు ఈ కోవలోనిదే. 'అలవడు' అకర్మక క్రియ. 'అతనికి విద్య అలవడింది' అన్నప్పుడు విద్య కర్త అవుతున్నది, మనిషి షష్ఠీవిభక్తిలో నిలుస్తున్నాడు. అంటే అలవాటు మనిషి చేసే పనిగా కాక, మనిషికి వచ్చి చేరే స్థితిగా భాష దానిని చూస్తున్నది. అలవాటు, పొరపాటు ఒకే అచ్చులో పోసిన మాటలు కావడం కూడా గమనింపదగినది. ఆలోచన లేకుండా చేయి తనపని తాను చేసుకుపోయినప్పుడు 'అలవాటులో పొరపాటు' అని నవ్వుకొంటాం.

నామానికి చేర్చే క్రియను బట్టి ఈ పదం అర్థం మూడు విధాలుగా మారుతుంది. 'పిల్లవాడికి వేకువనే లేవడం అలవాటు చేశారు' అనే వాక్యంలో కర్త మరొకరు. 'అతడు హాస్టలు తిండికి అలవాటుపడ్డాడు' అన్నప్పుడు కర్త ఆ మనిషే అయినా, అందులో అతని ఎంపిక లేదు. పరిస్థితికి లొంగి సర్దుకొనడం మాత్రమే ఉన్నది. 'అతడు రోజూ పది పుటలు చదవడం అలవాటు చేసుకొన్నాడు' అనే వాక్యంలో 'కొను' అనుప్రయుక్తం వచ్చి చేరింది. పని ఫలితం చేసినవారికే చెందుతుందని తెలిపే ఆత్మార్థకం ఇది. చేయడం, పడటం, చేసుకొనడం అనే ఈ మూడూ ఒకే వ్యక్తి జీవితంలో మూడు దశలు. ఇల్లు, గురుకులం, రెసిడెన్షియల్ కళాశాల మొదటి దశ. వసతిగృహంలోని తొలి నెలలు రెండో దశ. మూడో దశ దానంతట అది రాదు.

చదువు విషయంలోనూ తెలుగు ఈ భేదాన్ని పాటించింది. 'నాన్న నన్ను చదివించాడు, నేను చదువుకొన్నాను' అంటాం. ఒకే చదువుకు రెండు క్రియలు. విద్యావంతుడిని 'చదువుకొన్నవాడు' అంటామే గాని 'చదివించబడినవాడు' అనము.

మరొక విశేషం. విశేషణమేదీ చేర్చకుండా 'అలవాట్లు' అంటే వ్యవహారంలో చెడు అలవాట్లనే అర్థం. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు 'అబ్బాయికి ఏ అలవాట్లూ లేవు' అనడం గొప్ప యోగ్యతాపత్రం. ఆ మాటను అక్షరాలా తీసుకొంటే నేను పైన చెప్పిన విద్యార్థికి అది సరిగ్గా వర్తిస్తుంది. పిల్లల అలవాట్లంటే చెడినవాటిని మాన్పించడమే తప్ప మంచివాటిని వారు నిర్మించుకొనడానికి చోటివ్వడం అనే ఆలోచన మన ఇళ్లలో తక్కువగా ఉండటానికి ఈ వాడుక ఒక సూచన అనిపిస్తుంది.

3. గంట ఆగిన తరువాత

1971లో నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో, పి.వి. నరసింహారావు చొరవతో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. ఆ బాటలో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో విస్తరించిన గురుకులాలు ఎన్నో పేద కుటుంబాల పిల్లలను ఉన్నత విద్య గడప వరకు తెచ్చాయి. ఈ వ్యాసంలోని పరిశీలన ఆ విద్యాసంస్థలపై ఆక్షేపణ కాదు. వేకువ వ్యాయామం, అధ్యయన సమయం, భోజనం, మళ్లీ అధ్యయన సమయం అనే క్రమం లేకుండా అంతమంది పిల్లలను ఒకేచోట పెంచడం సాధ్యం కాదు. కార్పొరేట్ ఇంటర్మీడియట్ కళాశాలల పరిస్థితి వేరు. అక్కడ విద్యార్థికి మిగిలే అరగంటను కూడా మరొకరు నింపుతారు. తన సమయాన్ని తాను ఎలా గడపాలో నిర్ణయించుకొనే అవకాశం పదిహేడేళ్ల పిల్లవాడికి రెండేళ్లపాటు ఒక్కసారైనా రాదు. ఆ తరువాత అతడిని ఒక్కసారిగా ఇరవైనాలుగు గంటలకు యజమానిని చేస్తాము.

చోటు మారితే అలవాటు ఏమవుతుందన్న ప్రశ్నపై వెండీ వుడ్, ఆమె సహపరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావించదగినది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుండి మరొక విశ్వవిద్యాలయానికి మారిన విద్యార్థుల వ్యాయామం, వార్తాపత్రిక పఠనం, టెలివిజన్ వీక్షణం అనే మూడు అలవాట్లను వారు మార్పుకు ముందు, తరువాత పరిశీలించారు. కొత్త చోట కూడా పరిసరం పాతదానిని పోలి ఉన్నప్పుడే పాత అలవాటు నిలిచింది. పరిసరం మారినచోట అలవాటు పట్టు సడలి, ఆ పని చేయాలనే సంకల్పం ఎంత ఉంటే అంతమేరకే ఆచరణ సాగింది. దీనిలో రెండు అర్థాలున్నాయి. చోటు మారడం వల్ల మంచి అలవాట్లు పోతాయన్నది ఒకటి. చెడు అలవాట్ల పట్టు కూడా ఆ కొద్దికాలం సడలే ఉంటుందన్నది రెండోది. కొత్త గదిలోని మొదటి వారాలకున్న విలువ ఇక్కడే ఉన్నది. ఆ వారాల్లో ఏది చేస్తే అది పాతుకొంటుంది.

ఇల్లు విడిచిన విద్యార్థి దినచర్యను తెలుగు నవల చాలాకాలం కిందటే పట్టుకొన్నది. నవీన్ 1969లో వెలువరించిన 'అంపశయ్య' ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండే రవి అనే గ్రామీణ విద్యార్థి జీవితంలోని ఒక్కరోజు కథ. నిద్ర లేచినది మొదలు రాత్రి వరకు అతని మనసులో కదిలే ఆలోచనలను చైతన్యస్రవంతి పద్ధతిలో రచయిత చిత్రించాడు. ఆ నవలను శిల్పం దృష్టితో పరిశీలించిన వ్యాసాలు చాలా ఉన్నాయి. దానిని దినచర్య దృష్టితో చదివితే మరొకటి కనిపిస్తుంది. డబ్బు చింత, చదువు చింత, తనపై తనకున్న అనుమానం రోజులోని ప్రతి చిన్న పనినీ ఒక నిర్ణయంగా మార్చివేస్తాయి. అలవాటు ఉన్నచోట నిర్ణయం అక్కరలేదు. అది లేనిచోట లేవడం, తినడం, పుస్తకం తెరవడం - ప్రతిదీ మనసుతో పోరాడి గెలవవలసినదే. రోజు గడిచేసరికి మనిషి అలసిపోతాడు, పని మాత్రం మిగిలే ఉంటుంది. ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరుగా స్థిరపడటానికి, తరతరాల విద్యార్థులు అందులో తమను చూసుకొనడమూ ఒక కారణం కావచ్చు.

4. ఎన్ని రోజులకు అలవాటవుతుంది?

ఇరవైయొక్క రోజులు చేస్తే ఏ పనైనా అలవాటవుతుందనే మాట విద్యార్థుల్లో బాగా ప్రచారంలో ఉన్నది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ప్రచురించిన పుస్తకం దీనికి మూలం. శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త రూపానికి అలవాటుపడటానికి కనీసం ఇరవైయొక్క రోజులు పడుతున్నదని ఆయన గమనించాడు. మన పరిభాషలో చెప్పాలంటే ఆయన చెప్పినది 'పడటం' గురించి. ప్రచారంలో అది 'చేసుకొనడం' గురించిన నియమంగా మారింది. 'కనీసం' అనే మాట కూడా దారిలోనే రాలిపోయింది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిపై చేసిన అధ్యయనం ఇంతకంటె నమ్మదగినది. పాల్గొన్నవారు ఒక చిన్న పనిని ఎంచుకొని, రోజూ ఒకే సందర్భంలో, ఉదాహరణకు అల్పాహారం తరువాత, పన్నెండు వారాలపాటు చేశారు. పని ఆలోచన లేకుండా జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుండి 254 రోజుల వరకు మారింది. నీళ్లు తాగడం వంటివి త్వరగా అలవడ్డాయి, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగిన నష్టం కలగలేదన్నది కూడా ఆ అధ్యయన ఫలితాల్లో ఒకటి.

ఈ లెక్కను మన సెమిస్టరు పక్కన పెట్టి చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం సెమిస్టరుకు నిర్దేశించిన బోధనదినాలు 90. 66 రోజులంటే తొమ్మిది వారాలు దాటుతాయి. ప్రవేశాలు పూర్తయి తరగతులు కుదురుకొనేసరికే మొదటి నెల గడిచే మనచోట, మొదటి అంతర్గత పరీక్ష అయ్యాక 'ఇక చదవడం మొదలుపెడతాను' అనుకొన్న విద్యార్థికి ఆ సెమిస్టరులో అలవాటు ఏర్పడే వ్యవధి మిగలదు. అతడు సెమిస్టరు పరీక్షలు సంకల్పబలంతోనే రాయాలి. కొందరు అలా నెట్టుకొస్తారు కూడా, కాని రెండో సెమిస్టరులో మళ్లీ మొదటికే వస్తారు.

5. పాదంలో పాదం

వాగ్భటుని 'అష్టాంగహృదయం' సూత్రస్థానంలో రెండో అధ్యాయం దినచర్య. బ్రాహ్మీముహూర్తంలో లేవడంతో ఆ అధ్యాయం మొదలవుతుందని చాలామందికి తెలుసు. విద్యార్థులకు నీతి చెప్పే సందర్భంలో దానినే ఉదాహరిస్తారు. అంతకంటె ఉపయోగకరమైన విషయం ఏడో అధ్యాయమైన అన్నరక్షలో ఉన్నది. అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా మానకూడదు, నాలుగో వంతు చొప్పున గాని, ఆ నాలుగో వంతులో మళ్లీ నాలుగో వంతు చొప్పున గాని విడవాలి, పథ్యాన్ని కూడా అలాగే నడుమ వ్యవధి ఇస్తూ చేర్చుకోవాలి అని అక్కడ విధించాడు. మంచిదైనా సరే హఠాత్తుగా మొదలుపెడితే వికారం కలిగిస్తుందన్నది ఆయన హెచ్చరిక. చరకసంహితలోనూ ఈ క్రమత్యాగ విధానం ఉన్నది. ఆహారం గురించి చెప్పిన ఈ మాటను నిద్రకు అన్వయించి చూడవచ్చు.

రాత్రి రెండింటికి పడుకొనే విద్యార్థి పదిన్నరకు పడుకోవాలని నిశ్చయించుకొన్నాడనుకొందాం. తేడా 210 నిమిషాలు. 'రేపటి నుండి పదిన్నరకే' అని పడుకొంటే నిద్ర పట్టదు. పట్టని నిద్రలో చేతికి దొరికేది ఫోను. మూడో రోజుకు ప్రయత్నం ముగుస్తుంది. వాగ్భటుని లెక్కలో నాలుగో వంతు సుమారు 52 నిమిషాలు, పదహారో వంతు సుమారు 13 నిమిషాలు. రెండు మూడు రోజులకు ఒకసారి పదమూడు నిమిషాలు ముందుకు జరిపితే నెలన్నర లోపలే గమ్యం చేరవచ్చు. ఇందులో జరుపుకుంటూ రావలసినది పడుకొనే వేళ ఒక్కటే కాదు. లేచే వేళ ముందుగా స్థిరపడితే రాత్రి నిద్ర దాని వెంట వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకొనడం ఆ వారం జరిపినదంతా వెనక్కి నెట్టివేస్తుంది. పద్దెనిమిదేళ్లు దాటిన యువతకు ఏడు నుండి తొమ్మిది గంటల నిద్ర అవసరమన్నది నిద్రానిపుణుల సూచన. నాలుగున్నరకు లేవడం గొప్ప అని నేర్పిన కళాశాలలు పదకొండింటి వరకు అధ్యయన సమయం పెట్టిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వసతిగృహంలో చేరిన మొదటి వారాల్లో తొమ్మిదింటి దాకా పడుకొన్న నేను, బహుశా ఐదేళ్ల బాకీ తీర్చుకొంటున్నానేమో.

పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం స్థిరపడటానికి చెప్పినవి మూడు: దీర్ఘకాలం, ఎడతెగకపోవడం, ఆదరం. మొదటి రెండింటిని ఆధునిక పరిశోధనలు కొలిచాయి. మూడోది కొలతకు అంత సులభంగా లొంగదు. అయితే గంట మోతకు చేసిన పనిలో మొదటి రెండూ పుష్కలంగా ఉండి మూడోది లేకపోయిందని గమనిస్తే, ఆ పని ఎందుకు నిలవలేదో కొంత అర్థమవుతుంది.

6. చదవడం, అప్పజెప్పడం

స్వతంత్రంగా చదువుకొనే విద్యార్థికి అతిసాధారణంగా ఉండే అలవాటు మళ్లీ మళ్లీ చదవడం. చదివిన పుటనే చదువుతుంటే తెలిసినట్లు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక వర్గం విద్యార్థులు పాఠ్యభాగాన్ని మళ్లీ చదివారు, మరొక వర్గం పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది, గుర్తుచేసుకొని రాసినవారు ముందు నిలిచారు.

వీధిబడిలో దీనికి పేరు ఉన్నది. దానిని 'అప్పజెప్పడం' అనేవారు. నేర్చుకొన్న పద్యాన్ని పుస్తకం లేకుండా గురువుకు తిరిగి అప్పగించడం. అప్పగించడమంటే తీసుకొన్న వస్తువును యజమానికి తిరిగి ఇవ్వడం. బట్టీ అని మనం తోసిపుచ్చిన పద్ధతిలో ఈ సారవంతమైన భాగం కూడా కొట్టుకుపోయింది. అర్థం తెలియకుండా వల్లించడం దోషమే. అర్థం తెలిసిన తరువాత అప్పజెప్పడం మాత్రం చదువుకు ప్రాణం. గదిలో గురువు లేడు కనుక అప్పజెప్పవలసినది తెల్లకాగితానికి. ఆనాటి తరగతి ముగిసిన సాయంత్రం పుస్తకం తెరవక ముందే పావుగంటసేపు గుర్తున్నది రాయడం, తరువాత నోట్సుతో సరిచూసుకొనడం - ఇంతే. సాహిత్య విద్యార్థికైతే ఒక పద్యానికి ప్రతిపదార్థం, సందర్భం చూడకుండా రాయడం. ఆ పావుగంటకు ఒక చోటు, ఒక గుర్తు ఉండాలి. 'వీలున్నప్పుడు రాస్తాను' అంటే అది జరగదు. 'గదికి రాగానే కాళ్లు కడుక్కొని, టీ తాగక ముందు కిటికీ పక్కన కూర్చుని రాస్తాను' అంటే జరిగే అవకాశం ఎక్కువ. ఎప్పుడు, ఎక్కడ, దేని తరువాత అని ముందే నిర్ణయించుకొన్న సంకల్పం సాధారణ సంకల్పం కంటె ఎక్కువగా ఆచరణలోకి వస్తుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు నిరూపించాయి. వ్రతం చేసేముందు దేశకాలాలు చెప్పి సంకల్పం చేయించే మన ఆచారంలోనూ ఈ ఎరుక లేకపోలేదు.

7. వంట, పద్దు

హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల అద్దెగదుల్లో విద్యార్థుల భోజనం ఒక స్థిరమైన రూపం తీసుకొన్నది. అన్నం కుక్కరులో వండుకొంటారు, కూర కర్రీ పాయింట్‌లో కొనుక్కొంటారు. దీనిని హీనంగా చూడనక్కరలేదు. నిర్ణయాలను తగ్గించే ఏర్పాటు ఇది. చిక్కు వచ్చేది అన్నం వండటం మానినప్పుడు. బియ్యం కడిగి పెట్టేవారు లేనిరోజున మధ్యాహ్న భోజనం నాలుగింటికి, రాత్రి భోజనం పదకొండింటికి జరుగుతాయి. ఆపై నిద్ర, ఆపై ఉదయపు తరగతి వరుసగా జారిపోతాయి. నా అనుభవంలో గదిలోని అలవాట్లన్నింటికీ మూలస్తంభం వంట వంతు. నలుగురిలో ఒకరు అన్నం పెట్టడానికి ఏడింటికి లేస్తే మిగిలిన ముగ్గురూ ఎనిమిదింటికైనా లేస్తారు. అమెరికా వెళ్లిన మన విద్యార్థులు అద్దె ఇళ్లలో ఎవరెవరు ఏ రోజు వండాలో కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించుకొంటారు. ఇక్కడ ఏనాడూ గరిటె పట్టని అబ్బాయిలు అక్కడ పప్పు వండటం నేర్చుకొనడానికి ఆ కాగితమే కారణం. ఆ నేర్పు ఇంటి దగ్గర ఎందుకు రాలేదన్నది వేరే ప్రశ్న. ఆడపిల్లలకు మాత్రం వచ్చే ఉంటుంది.

ఖర్చు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. చేతిలో నోట్లున్నప్పుడు తరుగుదల కంటికి కనిపించేది. ఫోను ద్వారా చెల్లించే పది, ఇరవై రూపాయల టీలు, తినుబండారాలు కనిపించవు. మెస్సు బిల్లు వచ్చిననాడు ఒక్కసారిగా తెలుస్తాయి. పడుకొనే ముందు ఆనాటి పద్దు చేతితో ఒక పుస్తకంలో రాయడం పాతపద్ధతే. ఖర్చును అదుపు చేయమని ఎవరూ చెప్పకుండానే, రాయవలసి ఉన్నదన్న స్పృహ కొంత అదుపు చేస్తుంది.

8. విరామం తరువాత వచ్చినవారు

జాతీయ విద్యావిధానం 2020 చదువును మధ్యలో ఆపి తిరిగి కొనసాగించే వీలు కల్పించింది. సంపాదించిన క్రెడిట్లను అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్ల వరకు నిలువ ఉంచుకోవచ్చు. ఈ ఏర్పాటు వల్ల పెళ్లయి, పిల్లలు పుట్టిన తరువాత, లేదా కొన్నేళ్లు ఉద్యోగం చేసిన తరువాత తరగతికి వచ్చేవారు పెరిగే అవకాశం ఉన్నది. క్రెడిట్లు నిలువ ఉంటాయి గాని అలవాట్లు నిలువ ఉండవు.

తిరిగి వచ్చిన గృహిణుల స్థితిని ప్రత్యేకంగా గమనించాలి. వారికి దినచర్య లేకపోవడమన్న సమస్య లేదు. నాలుగున్నరకు లేచే విద్యార్థులు తరగతిలో ఎవరైనా ఉంటే వారే. కాని ఆ లేవడం వాకిలి ఊడ్చడానికి, క్యారేజీలు కట్టడానికి. వారి రోజులో 'కొను' లేదు. పుస్తకం పట్టుకొన్న అరగంట ఇంట్లో అందరి దృష్టిలో ఖాళీ సమయం, ఎవరైనా పిలవవచ్చు. వసతిగృహ విద్యార్థికి చెప్పే సలహాలు ఇక్కడ పనికిరావు. నాకు తెలిసిన ఒక విద్యార్థిని ఇంట్లో చదవడం పూర్తిగా మానుకొన్నది. తరగతులు మొదలు కావడానికి గంట ముందే వచ్చి గ్రంథాలయంలో కూర్చునేది. చదువుకు తన ఇంట్లో లేని చోటును ఆమె బయట ఏర్పరచుకొన్నది. వెండీ వుడ్ అధ్యయనం ఆమెకు తెలియదు.

9. సెలవుల తరువాతి వారం

ఏడాదిలో రెండుమూడు సార్లు, దసరాకు, సంక్రాంతికి, వేసవికి, విద్యార్థి ఇంటికి వెళతాడు. అక్కడ తిరిగి మొదటి దశలోకి జారుకొంటాడు. అమ్మ లేపుతుంది, అమ్మ వడ్డిస్తుంది. ఇది తప్పు కాదు, సెలవులంటేనే అది. కాని తిరిగి వచ్చిన వారం ప్రతిసారీ మొదటి వారమే. ఈ వారాన్ని అపరాధభావంతో గాక అవకాశంగా చూడటానికి ఆధారం ఉన్నది. డాయ్, మిల్క్‌మన్, రీస్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన వ్యాసంలో వారం, నెల, సెమిస్టరు ఆరంభాలు, పుట్టినరోజు వంటి కాలపు మైలురాళ్ల తరువాత మనుషులు కొత్త లక్ష్యాలవైపు ఎక్కువగా మొగ్గు చూపుతారని నిరూపించారు. అయితే ఆ ఊపు కొద్దికాలమే ఉంటుంది. అందువల్ల ఆ వారంలో ఐదారు తీర్మానాలు చేసుకొనడం కంటె, సెలవులకు ముందు ఉన్న అలవాట్లలో ఒకటి ఎంచుకొని, అదే చోట, అదే వేళకు తిరిగి మొదలుపెట్టడం మేలు. లేచే వేళ అయితే మరీ మంచిది, మిగిలినవి దానిని ఆనుకొని ఉంటాయి కనుక.

ఉపోద్ఘాతంలో పేర్కొన్న విద్యార్థి రెండేళ్ల తరువాత తిరిగి చేరాడు. మధ్యలో ఊళ్లో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాశాడట. ఉదయం ఎనిమిదింటికి దుకాణం తెరవడం అతని పని. ఈసారి గదిలో ఇద్దరే. ఛందస్సులో చురుకుదనం కొంత తగ్గింది, హాజరు మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. ఆ ఏడాది సంక్రాంతికి ఊరు వెళ్లి, తరగతులు మొదలు కావడానికి రెండు రోజుల ముందే వచ్చి గ్రంథాలయం దగ్గర కనిపించాడు. అప్పుడే ఎందుకు వచ్చావని అడిగాను. గది ఊడ్చుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, నెలకు సరిపడా బియ్యం తెచ్చుకోవాలి సార్ అన్నాడు.